ఒళ్ళు తీసి మేను పెట్టారు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, మార్టూరు దగ్గర మా ఊళ్ళో పురుగుమందుల కొట్టు నడుపుకుంటూ, సరదాకి ఆటవెలది రాయడం నేర్చుకున్నాను. రిటైరైన తెలుగు మాస్టారొకరు ఆదివారాలు మా నలుగురి చేత పద్యాలు రాయించి, నచ్చినదాన్ని గ్రంథాలయం బోర్డు మీద రాసేవారు. మూడు వారాలుగా ఆ బోర్డు మా పక్క కొట్టు టైలరుదే.

నేను వేళ్ళు మడిచి గణాలు లెక్కపెట్టుకునేలోపు, అతను కాజాలు కుడుతూనే పద్యం చెప్పేసేవాడు. పత్తి పురుక్కి మందు అమ్మేవాణ్ణే గానీ, నన్ను లోపల తొలిచే పురుక్కి నా కొట్లో మందు లేదు.

నాలుగో వారం, "మిరప కోసి కోసి ఒళ్ళు మండె" అంటూ నా పద్యం గర్వంగా ముగించాను.

"బాగుందయ్యా, కానీ యతి పడలేదు," అన్నారు మాస్టారు. "పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరాలిగా! 'మి'కి 'ఒ' ఎలా కుదురుతుంది?"

నేను బుర్ర గోక్కుంటుండగానే టైలరు అందుకున్నాడు. "ఒళ్ళు విప్పేసి మేను కుట్టన్నా, సరిపోద్ది."

"భేష్!" అన్నారు మాస్టారు. నా వైపు చూసి కాదు.

మర్నాడు బోర్డెక్కింది నా పద్యమే, మొట్టమొదటిసారి. చదివినవాళ్ళంతా ఒకటే మాట: "ఆ 'మేను' ఎంత చక్కగా పడిందండీ!"

పద్యంలో మేను మండింది. బోర్డు ముందు నిలబడ్డ నాకు మాత్రం ఒళ్ళే మండింది, యతితో పనిలేకుండా.