ఆ తూటా మనది కాదు

అనకాపల్లి జిల్లాగా ఏర్పడ్డాక వచ్చిన తొలి ఎన్నికల్లో, కోడ్ అమల్లోకి వచ్చిన వారం, నన్ను కె. కోటపాడు వైపు ఒక పోలీస్ స్టేషన్‌కు పంపారు. అప్పుడు నేను జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులో ఆర్మరర్ హెడ్ కానిస్టేబుల్‌ని. ఆయుధాలు బాగుచెయ్యడం, తూటాల నిల్వ చూడడం, స్వాధీనం చేసుకున్న తుపాకుల మీద మొదటి అభిప్రాయం రాసివ్వడం ఆర్మరర్ పని. పదవీ విరమణకు ఐదు నెలలుంది.

ఎన్నికలప్పుడు లైసెన్సు ఉన్నవాళ్లంతా తుపాకులు స్టేషన్‌లో అప్పగించి, ఫలితాలయ్యాక వెనక్కి తీసుకోవాలి. అలాగే నూకాలమ్మ అనే చెరకు రైతు తన రైఫిల్‌నీ తొమ్మిది తూటాలనీ తెచ్చింది. పంట రక్షణ కోసం మామగారి కాలంలో ఇచ్చిన లైసెన్సు భర్త పోయాక ఆమె పేరుకు మారింది. ప్రతి ఎన్నికలకూ తెచ్చేది, పట్టుకెళ్లేది. ఈసారి స్టేషన్ రైటర్ తూటా అడుగు చూశాడు. అక్కడ 303 అని అచ్చు ఉంది.

త్రీనాట్‌త్రీ అంటే పోలీసు రైఫిళ్లకు వాడే ప్రభుత్వ తూటా. అది బయటివాళ్ల దగ్గర దొరికితే జైలు తప్పదు. పైగా నూకాలమ్మ కొడుకు గోవింద మా ఆర్మ్‌డ్ రిజర్వులోనే కానిస్టేబుల్. కొడుకు దొంగిలించి తల్లికిచ్చాడని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ తేల్చేశారు. నేను వెళ్లేసరికి ‘సర్వీస్ తూటాలు తొమ్మిది’ అని పంచనామా కూడా రాయించేశారు. నా సంతకమే తక్కువ.

నూకాలమ్మ బల్ల మీద కూర్చుని ఉంది. అరవై దాటిన మనిషి. ముఖంలో భయం లేదు, కోపం ఉంది.

“ఏటి బాబూ, నువ్వూ దొంగనే అంటావా? మా మావ పోయేక దాన్నొక్కసారీ పేల్లేదు. పందులొత్తే డబ్బా కొడతాను. ఇంట్లో తుపాకీ ఉందని నలుగురికీ తెలిత్తే సాలు” అంది.

“చూడనివ్వమ్మా” అన్నాను.

రైఫిల్ చేతిలోకి తీసుకోగానే నాకు సగం అర్థమైంది. మా రైఫిళ్లకు పక్కన బోల్టు ఉంటుంది. దీనికి ట్రిగ్గర్ కింద ఒక లివర్ ఉంది. దాన్ని కిందికి తోసి పైకి లాగితే తూటా ఎక్కుతుంది. వేట కోసం విదేశంలో తయారైన పాత రకం. ఉద్యోగంలో అలాంటిది చూడడం అదే మొదటిసారి. దాని గురించి చదివి మాత్రం ఉన్నాను.

తర్వాత తూటాలు కొలిచాను. మా తూటా ఇత్తడి గొట్టం యాభై ఆరు మిల్లీమీటర్ల పొడవు. ఇది యాభై ఒకటి. అడుగు అంచు కూడా కొంచెం చిన్నది. మా తూటాకు మొనదేలిన గుండు, దాని మీద నిండా రాగి తొడుగు. దీనికి మొన గుండ్రంగా ఉండి, కొసన సీసం బయటికి కనిపిస్తోంది. అది జంతువు ఒంట్లో పువ్వులా విచ్చుకోవడానికి. అడుగున మా ఫ్యాక్టరీ ముద్ర లేదు, సంవత్సరం లేదు. ఆ తొమ్మిదిలో రెండింటికి మెడ దగ్గర వెంట్రుకవాసి పగుళ్లు కూడా ఉన్నాయి. ఇలాంటి తూటాల తయారీ ఆగిపోయి దశాబ్దాలైంది.

“ఇది మన తూటా కాదు సార్. అంకె ఒకటే, తూటా వేరు” అన్నాను.

ఇన్‌స్పెక్టర్ నవ్వారు. “మూడు వందల మూడని రాసుంటే కాదంటావేంటయ్యా? మన రైఫిల్లో పడుతుందా లేదా, అది చెప్పు.”

సెంట్రీ దగ్గరున్న పాత త్రీనాట్‌త్రీ రైఫిల్ తెప్పించారు. ప్రమాదం లేకుండా బోల్టు ఊడదీసి, నూకాలమ్మ తూటా ఒకటి ఛాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే గూట్లోకి, జారవిడిచాను. పడింది. గదిలో అందరూ నా వైపే చూశారు.

“చాలు, రాసెయ్” అన్నారు ఇన్‌స్పెక్టర్.

“ఇంకొకటుంది సార్” అని, తూటా వెనక భాగాన్ని వేలితో కదిపాను. వదులుగా ఊగింది. సన్నది కాబట్టి పట్టింది, అంతే. తర్వాత శిక్షణకు వాడే డమ్మీ తూటా, మా కొలతదే, నూకాలమ్మ రైఫిల్లో పెట్టాను. దాదాపు సెంటీమీటరు బయటే ఆగిపోయింది. లివర్ మూతపడలేదు. ఆ రైఫిల్ కోసం మా తూటాలు దొంగిలించేవాడు ఎందుకూ పనికిరాని వాటిని దొంగిలించినట్టే.

ఆయన గొంతు మారింది. “కానిస్టేబుల్ నీ మనిషి గనక కాపాడుతున్నావు. నీ స్టోరు తనిఖీ చేయిస్తాను. తొమ్మిది తగ్గితే నువ్వూ వాడి పక్కనే నిలబడతావు.”

తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాను. “ఈరోజే చేయించండి సార్. లెక్క సరిపోయినా తగ్గినా ఈ తూటా కొలత మారదు. నేను కొలిచిందే రాస్తాను.”

తనిఖీ జరిగింది. ఒక్క తూటా కూడా తగ్గలేదు.

మర్నాడు ఉదయం నా నివేదిక చిత్తుప్రతి పూర్తయ్యేసరికి గోవింద, రాత్రి స్టేషన్ నుంచి ఇంటికి పంపేసిన తల్లిని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. కేసు తేలేదాకా అతన్ని సస్పెండ్ చేశారు. నిద్రలేని ముఖం. మన రైఫిల్లో ఆ తూటా పడిందన్న సంగతి రాస్తున్నానని అతనికి అప్పటికే తెలిసింది.

“మామా, ఆ ఒక్క లైను తీసెయ్. మిగతాదంతా సాలు. ఆ లైను పట్టుకుని నన్ను సంపేత్తారు.”

మాకు చుట్టరికం లేదు, అది పిలుపే. అయినా నాకు అతనంటే అభిమానం. చేతులు పట్టుకుని అడిగాడు. అయినా కుదరదన్నాను. ఇన్‌స్పెక్టర్ కోసం ఒక మాట కలపనివాణ్ని, అతని కోసం ఒక మాట తీసెయ్యను. తీసేస్తే ముందురోజు స్టేషన్ గదిలో ఉన్న ఎవరైనా కోర్టులో నన్ను అబద్ధాలకోరుని చెయ్యగలరు. అప్పుడు మిగతా కొలతలకూ విలువుండదు. ఇదంతా చెప్పినా అతను వినే స్థితిలో లేడు.

నూకాలమ్మే అడ్డుపడింది. “రాయనీరా. దూరింది గదా, దూరిందనే రాయాల. మనం దొంగలం కానప్పుడు బయమేటి?”

నా నివేదికలో మొదట రాసింది ఆ సంగతే. ఎందుకు పట్టింది, ఎంత వదులుగా ఉంది, మా తూటా ఆమె రైఫిల్లో ఎక్కడ ఆగింది, ఆ తర్వాత. కింద సంతకం చేసి, రైఫిల్నీ తూటాలనీ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపి సరిచూడాలని కోరాను. పంచనామా మీద సంతకం చెయ్యలేదు.

వారం తిరక్కుండా నన్ను వాహనాల విభాగానికి మార్చారు. పై అధికారితో అమర్యాదగా ప్రవర్తించానని మెమో ఇచ్చారు. ‘కొలతలు తప్పైతే చూపగలరు’ అని ఒకే వాక్యం జవాబు రాశాను. చివరి నెలలు జీపుల టైర్లు చూస్తూ గడిపాను. మెమో తేలకుండానే పదవీ విరమణ చేశాను. ఎవరి దగ్గరికీ వెళ్లి అడగలేదు.

ల్యాబ్ నివేదిక ఆ తర్వాత వచ్చింది. సర్వీస్ తూటా కాదు, వేట తూటా అని స్పష్టంగా ఉంది. నా కొలతలకూ వాళ్ల కొలతలకూ తేడా లేదు. నా మొదటి పేరాను వాళ్లు ప్రత్యేకంగా ప్రస్తావించారు. అనుకూలంగా లేని ఫలితాన్ని కూడా దాచకుండా నమోదు చేశారని రాశారు. కేసు మూసేశారు. గోవిందను ఉద్యోగంలోకి తీసుకున్నారు. నా మెమో కూడా రద్దయినట్టు ఒక కాగితం వచ్చింది.

రైఫిల్ తీసుకోవడానికి వెళ్లినప్పుడు నూకాలమ్మకు ఏడు తూటాలే ఇచ్చారు. రెండు ల్యాబ్‌లో పరీక్షకు పేల్చారు. “పేల్సిన గొట్టాలూ నాయే గదా, ఇచ్చీయండి” అని అర్జీ పెట్టి, అవి వచ్చేదాకా స్టేషన్‌కు తిరిగిందట.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు అడిగితే నేను రెండే విషయాలు చెబుతాను. తూటా అడుగున ఉన్న అంకె ఒక పేరు లాంటిది. కొలిస్తేనే అది ఏ తూటానో తెలుస్తుంది. కొలిచాక మనకు ఇబ్బంది కలిగించే ఫలితాన్ని ముందు రాయాలి. మిగతావాటిని నమ్మించేది అదే.