మొగిలయ్య ముక్కు

అమీర్‌పేటలో అందరూ చెప్పుకునేదే కానీ ఏ ఒక్కరూ రుజువు చేయని మాట ఒకటుంది. చాయ్‌పత్తి మొగిలయ్యకు నాలుగేళ్లుగా ముక్కు పనిచేయడం లేదట.

ఏ ముక్కు అనుకున్నారు? పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద లారీ పోతుంటే, లోపలున్నది డార్జిలింగ్ ఆకో అస్సాం ఆకో కింద నిలబడి చెప్పిన ముక్కు! ముప్పై ఏళ్లుగా విడి తేయాకు అమ్ముతున్న మొగిలయ్య కొట్టుకు ఎవరొచ్చినా ముందడిగేది ఎంత కావాలని కాదు, "మీ ఇంట్ల ఏం నీళ్లు?" అని. యూసుఫ్‌గూడ బోరు నీళ్లకు ఒక ఆకు, ఖైరతాబాద్ నల్లా నీళ్లకు ఒక ఆకు. ఉప్పు నీళ్లలో మంచి ఆకు వేయడమంటే పట్టుచీర కట్టుకుని బురదలో నడవడమేనని అతని సిద్ధాంతం.

అలాంటివాడికి ఓ జ్వరం వచ్చింది. పోతూ పోతూ వాసనలన్నీ మూటగట్టుకుని పోయింది. నాలుకకు వగరు తెలుస్తుంది, తీపి తెలుస్తుంది. పూలైనా, పొగైనా, బూజైనా ముక్కుకు మాత్రం ఒకటే. సంగతి బయటపడితే కొట్టుకు తాళమే. వాసన తెలియనివాడి దగ్గర చాయ్‌పత్తి ఎవరు కొంటారు?

అందుకే భార్య సీతాబాయి కొట్లో కూర్చోవడం మొదలుపెట్టిందంటారు. మొగిలయ్య గుప్పెడు ఆకు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసి, కచేరీలో రాగం అందుకునేవాడిలా తల ఊపుతాడు. పక్కన సీతాబాయి కొంగు చాటున వాసన పట్టి, చెంచాతో డబ్బా మీద కొడుతుంది. ఒక దెబ్బయితే మంచి సరుకు. రెండయితే చెడ్డది.

నాలుగేళ్లలో ఆ చెంచా ఒక్కసారీ తప్పు పలకలేదు. ఈ వానల్లో సీతాబాయికి జలుబు చేసింది.

సరిగ్గా ఆ రోజే డార్జిలింగ్ పెట్టె దిగింది. దాని వెనకే నాగేశ్వరి గారు కూడా దిగారు. కోస్తా నుంచి వచ్చి పంజాగుట్టలో స్థిరపడ్డావిడ. వారం కిందట కొన్న పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఏంటండీ మొగిలయ్య గారూ, అంత గొప్పగా చెప్పి ఇచ్చారు, తాగితే గడ్డి ఉడకబెట్టినట్టుంది!"

"ఎట్ల పెట్టిండ్రమ్మా?"

"ఎలా ఏంటండీ, అందరిలాగే. అరలీటరు పాలల్లో అల్లం, యాలకులు వేసి పావుగంట మరిగించాను."

మొగిలయ్య తల పట్టుకున్నాడు. "అమ్మా, గది పువ్వసొంటి ఆకు! దాన్ని పాయసం జేసిండ్రు గదా!"

సీతాబాయి ముక్కు చీదుతూనే నవ్వింది.

"చేసి చూపిస్త, కూసోండ్రి." నీళ్లు మరిగించి, స్టవ్ ఆర్పి, బుడగలు అణిగాక కొత్త పెట్టెలోని ఆకు రెండు చెంచాలు వేసి మూత పెట్టాడు. మూడు నిమిషాలు ఆగి కప్పులోకి వడపోస్తే తేనె రంగులో దిగింది. రంగు బాగుంది. వగరూ బాగుంది. కానీ పెట్టె వానలో వచ్చింది. చెమ్మ పట్టిందో లేదో వాసనే చెప్పాలి. సీతాబాయి వైపు చూశాడు. చెంచా గాల్లోనే ఆగిపోయింది. ఒకటా, రెండా? ఆవిడకూ తెలియదు.

ఆ ఆకు కోసం అరవై ఇళ్లు కాచుకుని ఉన్నాయి. బాగుందని పంచాక బూజు తేలితే పేరు పోతుంది. ఎవరినైనా అడిగితే గుట్టు పోతుంది. చివరికి మొగిలయ్య ఆ కప్పును నాగేశ్వరి గారి చేతిలో పెట్టాడు.

"తాగకుండ్రి. ముందుగాల వాసన చూసి చెప్పుండ్రి."

"నాకేం తెలుస్తుందండీ?"

"తెలుస్తది. జర కండ్లు మూసుకోండ్రి."

ఆవిడ ముక్కును దాదాపు కప్పులో ముంచేశారు. "బాగానే ఉంది... కాదండీ, అడుగున ఏదో... తడిసిన గోనెసంచి వాసన."

మొగిలయ్య పెట్టె మూసి తాడు బిగించాడు. "వాపస్ పంపుత." పాత డబ్బాలోని ఆకుతో మళ్లీ పెట్టి ఇచ్చాడు. ఈసారి నాగేశ్వరి గారు కళ్లు తెరవనే లేదు. "అబ్బ, ద్రాక్షపండు చిదిమినట్టుందండీ!" అన్నారు. మొగిలయ్య ఆవిడ ముఖాన్నే చూస్తూ ఉండిపోయాడు, పోయిన వాసన అక్కడ కనబడుతున్నట్టు.

వెళ్తూ వెళ్తూ ఆవిడ గొంతు తగ్గించారు. "మీ ఆవిడకు జలుబు తగ్గేదాకా రోజూ ఓసారి వచ్చి పోనా?"

ఆ వారమంతా చెంచా కొట్టింది నాగేశ్వరి గారేనంటారు.

ఈ మాట అతని ముందు ఎత్తి చూడండి, అంతెత్తున లేస్తాడు.

"ఎవడన్నడు? నా ముక్కుకేమైంది? జ్వరం లేదు, చెంచా లేదు! డార్జిలింగ్ ఆకును పాలల్ల ఉడికిచ్చినామె నాకు వాసన చెప్పుడా? కొనేదుంటే మీ ఇంట్ల ఏం నీళ్లో చెప్పు. గీ కథంత అబద్ధం!"