ఎస్తేరు మేడమ్ పెట్టిన గడువు

పోయిన ఆదివారం ప్రొద్దుటూరులో ఎస్తేరు మేడమ్ కన్నుమూశారు. గుండెజబ్బు ఉందని తెలుసు. కానీ అంత గట్టి గొంతు ఇంత తొందరగా మూగబోతుందని అనుకోలేదు. చర్చి ఆవరణలో జరిగిన సంతాపసభలో ఆమెను సహనమూర్తి అన్నారు. అన్నవాళ్లెవరూ ఆమెతో ఒక పూట కూడా పనిచేసి ఉండరు. మేడమ్‌కు సహనం లేదు. చేతగానితనమంటే అసహ్యం, ఆ అసహ్యాన్ని దాచుకునే అలవాటు అంతకన్నా లేదు.

లెక్కల టీచరు ఉద్యోగం వదిలి, వెబ్‌సైట్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరారు. నాకు పని నేర్పింది అక్కడే. శాఖా గ్రంథాలయంలోని కంప్యూటరు పుస్తకాలన్నీ చదివేసినవాణ్ని నేను. లాగిన్ అయిన మనిషి కాసేపు కదలకపోతే సైటు బయటకు పంపాలనీ, ఆ సెషన్ గడువు ఎంత తక్కువైతే అంత భద్రమనీ ఒకరోజు గర్వంగా అప్పజెప్పాను. మేడమ్ తల తిప్పకుండానే, "ఆ పుస్తకం రాసినోడు ఒంటివేలితో టైపు చేసే మనిషిని యాడన్నా చూసినాడేమో అడుగుపో," అన్నారు.

తక్కువ గడువు విలువ ఆమెకు తెలియక కాదు. వేంపల్లె ఇంటర్నెట్ సెంటరులో ఒకరు లేచిన కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. అక్కడ బ్యాంకు పేజీ తెరిచి వదిలేస్తే ఏమవుతుందో ఆమే చెప్పారు. "తలుపుకు గడియ ఉండాల. ఇంట్లో మనిషిని బయటేసి గడియ పెట్టుకునేది భద్రతా?" అనేవారు.

ఒక యేడు మా కంపెనీ ఒక నర్సింగ్ కాలేజీకి దరఖాస్తుల సైటు చేసింది. చివరిరోజు జమ్మలమడుగు నుంచి ఖైరున్నీసా అనే ఆమె నేరుగా మా ఆఫీసుకే వచ్చింది. భర్త కువైట్‌లో ఉంటాడు. నర్సు కావాలని ఎందుకు అనుకుంటున్నారో రాయమన్న పెట్టెలో రాసి పంపబోతే, రాసిందంతా పోయి తెర మీద ఒక వాక్యం మిగులుతోందట: మీరు ఏ పనీ చేయకుండా ఉన్నందున బయటకు పంపబడ్డారు.

"పొద్దన్నుంచి రాస్తానే ఉండా మేడమ్. పనిలేక కూచున్న్యానని నన్నెట్లంటాది అది?"

మా యజమాని నవ్వి, టైపు నేర్చుకొని వచ్చే యేడు రమ్మన్నాడు. గడువు మారిస్తే భద్రత పోతుందన్నాడు. ఆ మహానుభావుడికి తన సైటు సంగతే తెలియదు. పెట్టెలో ఎంతసేపు టైపు చేసినా, పంపే మీట నొక్కేదాకా సైటును నడిపే సర్వరుకు ఒక్క అక్షరమూ చేరదు. చెమటోడ్చి రాస్తున్న మనిషీ, నిద్రపోతున్న మనిషీ దానికి ఒకటే.

మేడమ్ కుర్చీ లాక్కుని ఆయన ఎదుటే మార్చేశారు. టైపు చేస్తున్నంతసేపూ సర్వరుకు చిన్న కబురు వెళ్తుంది. గడువు తీరేముందు "ఇంకా ఉన్నారా" అని సైటే అడుగుతుంది. రాసింది చెరిగిపోదు. "దానికి కండ్లు ల్యావు, సరే. నీకుండాయి కదప్పా," అన్నారు ఆయనతో.

ఖైరున్నీసా దరఖాస్తు సాయంత్రానికి చేరింది. సీటూ వచ్చింది. మేడమ్ ఉద్యోగం మాత్రం మర్నాడే పోయింది. ఆ తర్వాత ఇంట్లో పాఠాలు చెప్పుకుంటూ బతికారు. కంపెనీ మాట ఎత్తితే, "వాళ్ల బుర్రకు గడువెప్పుడో తీరిపాయ," అనేవారు.

సంతాపసభకు ఆ యజమాని కూడా పెద్ద దండతో వచ్చి, మేడమ్ తమ సంస్థకు వెన్నెముక అని సెలవిచ్చాడు. డ్యూటీ నుంచి నర్సు దుస్తుల్లోనే వచ్చిన ఖైరున్నీసా లేచి, "సారూ, మేడమ్ చేసిన మార్పు ఉందా, తీసేసినారా?" అని అడిగింది. ఆయన పక్కనున్న ఉద్యోగి వైపు తిరిగాడు. తీసేద్దామనుకున్నాం గానీ ఎట్లా తీయాలో ఎవరికీ తెలియలేదని అతను మెల్లగా చెప్పాడు. గౌరవంతో కాదు, కేవలం చేతగాక ఆమె పనిని బతకనిచ్చారు.

పులివెందులలో ఒక హాస్టలుకు ఆయనే ఇప్పుడు కొత్త సైటు చేశాడు. రాస్తుండగానే బయటకు నెట్టేసే ఆ దరఖాస్తు నింపలేక ఓడిపోయిన తల్లిదండ్రులు, ఈ పని తెలిసినవాణ్నని నా దగ్గరకు వస్తున్నారు. ఆయనకు ఫోను చేసి, ఏం మార్చాలో చెప్పాను. చూద్దాంలే అన్నాడు. మేడమ్‌కు ఈ శిష్యుడి నమస్సులు. ఆమె ఉంటే ఆ మాట ఆయన నోట్లో ఉండగానే పని మొదలయ్యేది. అట్లా కుర్చీ లాక్కుని కూర్చునే మనిషి ఇప్పుడు లేరు.