తిమింగలాలకు కాపు కాసిన రోజులు

మాది హోసూరు దగ్గర బేరిగై ఊరి పక్కన గొర్రెలు కాసుకునే ఇల్లు. నాకు ఊహ తెలిసేలోపే అమ్మ పోయింది. నన్ను ఒక్కదాన్నే ఇంట్లో వదలలేక నాయన తన వెంట గుట్ట మీదికి తీసుకుపోయేవాడు. నన్నొక బండ మీద కూచోబెట్టి, తోడేలు వస్తుందేమో చూస్తా ఉండమనేవాడు. నేను కళ్లింత చేసుకుని గొర్రెల వైపే చూసేదాన్ని. ఒకరోజు ఆయన వచ్చి నా తలను రెండు చేతులతో పట్టుకుని పక్కకు తిప్పినాడు.

"గొర్రెలను చూస్తే గొర్రెలే కనిపిస్తాయమ్మా. ఏమీ లేని తావును చూడు. ఆడ ఏదన్నా కదిలితే నాకు చెప్పు."

తోడేలును నేను చూసింది తక్కువ. పొద్దంతా ఏమీ జరక్కుండానే గడిచిపోయేది. ఎండ బండ మీది నుంచి దిగి బోడి చెట్ల మీదికి పోయేది, గొర్రెలు నెమరేసేవి, నాయన ఈలపాట పాడుకునేవాడు. ఏమీ జరగని పొద్దులో ఊరికే కూచోవడం నాకు అప్పుడే అలవాటయింది. అదొక విద్య అని మాత్రం చానా ఏండ్లకు గానీ తెలియలేదు.

చదువు మీద నాకున్న ఆశ చూసి నాయన నన్ను హాస్టల్లో చేర్పించినాడు. ఆ తర్వాత కృష్ణగిరిలో నర్సు పని నేర్చుకున్నాను. మాకు పాఠాలు చెప్పిన పెద్ద నర్సమ్మ, ఇంగ్లాండు ఆసుపత్రుల్లో మనుషులు కావాలంటున్నారు, పోతావా అని అడిగింది. డెబ్బైలు సగం దాటిన కాలం అది. మా పక్కనుంచి బెంగళూరుకు పనికి పోయినోళ్లే కొద్దిమంది. ఈ సంగతి నాయనతో ఎట్ల చెప్పాలో తెలియక రెండు వారాలు ఊరికే తిరిగినాను. చెప్పినాక ఆయన అడిగింది ఒకటే, ఆ దేశంలో గొర్రెలుండాయా అని. నర్సమ్మను అడిగి వచ్చి, లెక్కలేనన్ని ఉండాయంట నాయనా అన్నాను. అయితే భయం లేదు, పోయి రమ్మన్నాడు.

నాకు పని దొరికింది ఇంగ్లాండు తూర్పు తీరాన, సముద్రం ఒడ్డున్న చిన్న ఊర్లో. ఆసుపత్రికి దగ్గరగా ఒక ముసలామె ఇంట్లో మేడ మీది గది అద్దెకు తీసుకున్నాను. భర్త పోయిన మనిషి. బడిలో పాఠాలు చెప్పి రిటైరయింది. పొడుగ్గా, నిటారుగా ఉండేది, అవసరానికి మించి మాట్లాడేది కాదు. ఆ మొదటి చలికాలం నేను పడిన దిగులు ఇంతా అంతా కాదు. సాయంత్రం టీ తాగే వేళకే చీకటి పడిపోయేది. పనిలో ఉన్నంత సేపూ బాగానే ఉండేదాన్ని. గదికి వచ్చి తలుపు వేసుకుంటే ఏడుపు వచ్చేది. కింద ఆమెకు వినిపించేదో ఏమో, ఎప్పుడూ ఏమీ అడగలేదు. మెట్ల మీద వేడి సూపు గిన్నె పెట్టి పోయేది.

చలి కొంచెం తగ్గినాక ఒక ఆదివారం ఆమె నా గది తలుపు తట్టింది. సముద్రం పైనున్న కొండ అంచు దాకా తోడు వస్తావా అని అడిగింది. పోతా పోతా సంగతంతా చెప్పింది. ఆ కొండ అంచున ఒక బెంచీ ఉంది. ఆమె, భర్త సెలవు దొరికినప్పుడల్లా ఆడ కూచుని తిమింగలాలు, డాల్ఫిన్లు వస్తాయేమో అని చూసేవాళ్లంట. ఆయన పోయినాక కూడా ఆమె మానలేదు. ఇప్పుడు కళ్లు పాడవుతా ఉన్నాయి. ఏ వస్తువును చూసినా చుట్టుపక్కల కనిపిస్తుంది, నడిమధ్యన మాత్రం ఖాళీ. అందుకని నా కళ్లు కావాలంది. తిమింగలాన్ని నేను బడి పుస్తకంలో బొమ్మగా చూసిందే. కాదనడానికి ఇంగ్లీషు చాలక సరేనన్నాను.

అట్ల మొదలయింది మా కాపు. సెలవు రోజుల్లో ఫ్లాస్కులో టీ, బిస్కెట్లు, ఆమె భర్త వాడిన బరువైన దుర్భిణి తీసుకుని పోయేవాళ్లం. నాకు తెలియనివన్నీ ఆమె ఓర్పుగా చెప్పింది. రెక్కల చివర నలుపుండే పెద్ద తెల్ల పిట్టలు నిలువునా నీళ్లలోకి దూకుతా ఉంటే కింద చేపల గుంపు ఉన్నట్టంట. చేపలుంటే వాటి వెనకే డాల్ఫిన్లు రావచ్చు. అలల మీద తెల్లనురుగు రేగిన రోజున కళ్లు నొప్పి పెట్టుకోవద్దు, గాలి లేని రోజు కోసం చూడాలి. నేను కనిపించిందల్లా చెప్పేదాన్ని. నీళ్లు ఈ పక్క బూడిదరంగు, ఆ పక్క పచ్చన. దూరంగా వాన దిగుతా ఉంది. అదేదో జంతువు నీళ్లలోంచి తల పైకెత్తింది, సీలు అనుకుంటాను. ఆమె కళ్లు మూసుకుని వినేది. మాట దొరక్క నేను తడబడితే తనే అందించేది. నా ఇంగ్లీషు ఆ బెంచీ మీదే బాగయింది.

వారాలు గడిచినా తిమింగలం జాడ లేదు. నాకు విసుగు మాత్రం రాలేదు. ఒకరోజు నాయన నా తల పక్కకు తిప్పిన సంగతి ఆమెకు చెప్పినాను. ఆమె చాలాసేపు నవ్వింది. అప్పటినుంచి మా నాయన గురించి, గొర్రెల గురించి, గుట్టల గురించి అడగడం మొదలుపెట్టింది. ఆ దేశంలో మా ఊరి పేరు పలకాలని చూసిన మొదటి మనిషి ఆమే.

ఎండాకాలం చివర ఒక పొద్దు గాలి పూర్తిగా ఆగిపోయింది. సముద్రం నూనె రాసిన బండలాగా ఉంది. తెల్లపిట్టలు ఒక పక్కన గోలగా తిరుగుతా ఉన్నాయి. నేను వాటిని వదిలిపెట్టి పక్కనున్న ఖాళీ నీళ్లను చూస్తా ఉన్నాను. ఆ ఖాళీలోంచి ఒక నల్లని వీపు లేచింది. పెద్ద బండిచక్రం తిరిగినట్టు నిదానంగా వంగింది, వెనక చిన్న కొంకి లాంటి రెక్క కనిపించింది, మునిగిపోయింది. నా నోటికి వచ్చిన ఇంగ్లీషంతా పోయింది. "ఆడ, ఆడ" అని మాత్రం అనగలిగినాను. ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"మీ భాషలోనే చెప్పు. ఆపకు," అంది.

నేను బేరిగై తెలుగులో చెప్పుకుంటా పోయినాను. "నల్లగా ఉండాదమ్మా వీపు. మునిగింది. ఉండు, మళ్లా వస్తుంది, ఉండు. అదో, లేస్తా ఉండాది. ఊపిరి వదిలింది, చూడు, పొగ మాదిరి." నా చెయ్యి ఎటు చూపిస్తే ఆమె ముఖం అటు తిరిగింది. తిమింగలం మరికొన్నిసార్లు లేచి, ఉత్తరం వైపు సాగిపోయింది. టీ చల్లారిపోయింది. చివరికి ఆమె, ఉండు అంటే ఏమిటని అడిగింది. ఆగమని ఒక అర్థం, ఇక్కడే నిలిచిపొమ్మని ఇంకో అర్థం అని చెప్పినాను. ఆ మాట ఆమెకు నచ్చింది. నేను పనికి తయారై మెట్లు దిగుతా ఉంటే "ఉండు" అని పిలిచి, మర్చిపోయిన గొడుగు చేతికిచ్చేది.

ఆ పొద్దుతో నా దిగులు పోయింది. ఎట్ల పోయిందో చెప్పమంటే చెప్పలేను. ఆసుపత్రిలో నా చేతులతో చానామందికి పని ఉండేది. నా కళ్లు కావాలని, నా మాట కావాలని అడిగింది ఆమె ఒక్కతే.

తర్వాత సెలవు మీద ఊరికి వచ్చినాను. హోసూరు బస్‌స్టాండులో నాయన నా కోసం కాచుకుని ఉన్నాడు. రోడ్డు పొడుగునా ఫ్యాక్టరీల గోడలు లేస్తా ఉన్నాయి. ఇంటికి పోయినాక తిమింగలం కథ చెప్పినాను. సముద్రం చూడని మనిషి, ఆయనకు ఎంత చెప్పినా అంతు చిక్కలేదు. అందుకని కృష్ణగిరి డ్యాముకు తీసుకుపోయినాను. గట్టు మీద కూచుని, ఈ నీళ్లకు అవతలి గట్టు లేదనుకో నాయనా అన్నాను. ఆయన అట్లే చాలాసేపు చూసినాడు. ఎంత ఉంటుందని అడిగితే, మనం వచ్చిన బస్సంత అన్నాను. చేపే కదా అన్నాడు. చేప కాదు, పైకి వచ్చి మనలాగే గాలి పీలుస్తుంది, పిల్లకు పాలిస్తుంది అని చెప్పినాను.

"పాలిస్తుందా? అయితే మన జాతే," అన్నాడు.

ఆ తర్వాత తిమింగలం మాట వదిలేసి ఆ ముసలామె గురించి అడిగినాడు. ఆమెకు ఎవరుండారు, చలికి ఎట్ల ఉంటుంది, నేను డ్యూటీకి పోతే ఆమెను ఎవరు చూస్తారు అని. రెండో రోజు పొద్దున్నే ఎటో పోయి ఒక కంబళి తెచ్చినాడు. మా గొర్రెల బొచ్చుతో నేయించింది. ఆమెకిమ్మన్నాడు.

నేను తిరిగి పోయి ఇస్తే, ఆమె ఆ కంబళిని ముఖానికి ఆనించుకుని వాసన చూసింది. ఆ చలికాలం మొత్తం బెంచీ మీద అది కప్పుకునే కూచుంది. దారిన పోయేవాళ్లు వింతగా చూసేవాళ్లు. చూడనీ, నాకైతే వాళ్లు కనిపించరు కదా అనేది.

అన్ని ఏండ్లు కూచున్నా డాల్ఫిన్లు మాత్రం నా కంట పడలేదు. ఎనభైల్లో, నేను ఆ దేశంలో ఉన్న చివరి ఏడాది, ఒకరోజు డ్యూటీ నుంచి ఇంటికి వచ్చేసరికి ఆమె వంటింట్లో కంబళి కూడా తీయకుండా కూచుని ఉంది. అప్పటికి చూపు దాదాపు పోయింది. ఆ పొద్దు ఒక్కతే చేతికర్రతో బెంచీ దాకా పోయిందంట. అలలు లేవు. కొండ కిందనే, చానా దగ్గరగా, డాల్ఫిన్ల గుంపు పోయింది. వాటి ఊపిరి ఆమెకు వినిపించింది. పెద్దవాటిది ఒక తీరు, వాటి మధ్యన పిల్లలది సన్నంగా ఇంకో తీరు.

"నువ్వు లేవు. అదొక్కటే నాకు బాధ," అంది.

నాకేమీ బాధ లేదు. స్టవ్ మీద నీళ్లు పెట్టి, ఆమె ఎదురుగా కూచుని, మొదటి నుంచి చెప్పమన్నాను. అవి ఎట్ల వచ్చినాయో, ఎటు పోయినాయో ఆమె చేత్తో చూపిస్తా, వాటి ఊపిరి చప్పుడు నోటితో చేస్తా చెప్పింది. ఈసారి కళ్లు మూసుకుని వినింది నేను.

ఆమె తన చెల్లెలి ఇంటికి పోయి స్థిరపడినాక నేను హోసూరు వచ్చేసి ఈడనే ఆసుపత్రిలో చేరినాను. ఊరికి పోయిన మొదటి సాయంత్రం నాయనకు డాల్ఫిన్ల సంగతి చెప్పినాను. ఆయన గొర్రెలను దొడ్లోకి తోలి వచ్చి నా పక్కన కూచున్నాడు. వాటి ఊపిరి చప్పుడు ఎట్ల ఉంటుందో చేసి చూపించమన్నాడు. నేను దాన్ని ఎప్పుడూ వినలేదు. ఆమె ఆ పొద్దు వంటింట్లో ఎట్ల చేసిందో అట్లే చేసినాను. నాయన తల వంచి విన్నాడు. పిల్లలది ఇంకోసారి చెయ్యమన్నాడు.