ఉప్పు వెయ్యని మామిడి ముక్కలు

మెల్బోర్న్ శివారు వెర్రిబీలో, మా ఇంటి దగ్గరి ఇండియన్ షాపుకి పచ్చి మామిడికాయలు వచ్చాయి. ఒకటి తెచ్చి కోశాను. ఆ పుల్లటి వాసనకే నోట్లో నీళ్ళూరాయి. చెయ్యి మాత్రం ఉప్పు డబ్బా దాకా వెళ్ళి ఆగిపోయింది. కామేశ్వరి ఆంటీ పోయి ఏడాది దాటినా నా చెయ్యి అక్కడ ఆగుతూనే ఉంది.

ఆవిడది కాకినాడ. ఎప్పుడో మెల్బోర్న్ వచ్చి స్థిరపడిన డాక్టరు. వరంగల్ నుంచి వచ్చిన నేను ఆసుపత్రిలో జూనియర్ డాక్టరుగా చేరినప్పుడు ఆవిడ చేతికిందే పని నేర్చుకున్నాను. వార్డులో మేడమ్, బయట ఆంటీ. నాకు తొందరెక్కువ. ఒక మందు పనిచెయ్యకపోతే ఇంకోటి, అదీ కాకపోతే మరో పరీక్ష. ఇక చేసేదేమీ లేదని తేలిన రోజు నుంచి మాత్రం ఆ రోగి గది వైపు వెళ్ళడం మానేసేదాన్ని. బిజీగా ఉన్నానని నాకు నేనే చెప్పుకునేదాన్ని. ఆంటీ అది కనిపెట్టారు. రిటైరయ్యాక తోడు రమ్మని నన్ను కొలంబియాలోని కార్తహేనాకి తీసుకెళ్ళారు. కరీబియన్ సముద్రం ఒడ్డున, చుట్టూ రాతి గోడలున్న పాత రేవు పట్టణం అది. ఓడల్లో పనిచేసి వచ్చిన ఒక ముసలి పేషెంట్ ఆ ఊరి గురించి ఆవిడకి తెగ చెప్పేవాడట.

అయిదు రోజులు కాళ్ళు అరిగేలా తిరిగాం. ఇంకో రెండు రోజులుండగా నేను ఫోన్ తీశాను.

“రేపు ఐలండ్స్‌కి బోటున్నది. బుక్ చెయ్యాల్నా ఆంటీ?”

“వద్దమ్మా. ఏ ఊళ్ళో అయినా లాస్ట్ టూ డేస్ నేను కొత్తది చూడను.”

“మరేం చేద్దాం? ఉత్తగ కూసుందామా?”

“చూసినవాటి దగ్గరికే మళ్ళీ వెళ్దాం.”

నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం వచ్చి చూసిన గోడే చూడాలా? మొహం మాడ్చుకునే వెంట నడిచాను. అదే గోడ, అదే ఫిరంగి, దాని పక్కన అదే మామిడి ముక్కల బండి. మొదటి రోజు తనకి ఉప్పు వద్దని ఆ బండావిడకి సైగలతో చెప్పడానికి ఆంటీ నానా అవస్థ పడ్డారు. ఈసారి బండావిడ మమ్మల్ని చూసి నవ్వింది. నాకు ఉప్పు, నిమ్మరసం దట్టించి ఇచ్చింది. అడక్కుండానే ఆంటీకి ఉత్త ముక్కలు.

“చూశావా, ఫస్ట్ డే మనం కస్టమర్లం. ఇవాళ ఆవిడకి నా బీపీ కూడా తెలుసు,” అన్నారు ఆంటీ.

నేను నవ్వేశాను, కానీ బోటు పోయిందన్న బాధ మాత్రం మెల్బోర్న్ దాకా మోసుకొచ్చాను.

తర్వాత కొన్నేళ్ళకి ఆంటీకి క్లోమంలో క్యాన్సర్ బయటపడింది. అప్పటికే ముదిరిపోయింది. చూసే డాక్టర్లు ఆ మాట దాచలేదు. నేను ఒప్పుకోలేదు. రెండు వారాలు ఆవిడ గుమ్మం తొక్కకుండా ఫోన్లు చేశాను, కాగితాలు పోగేశాను. ఒక మధ్యాహ్నం ఆ ఫైలు పట్టుకుని వెళ్ళాను.

“సిడ్నీలో కొత్త మందుకి ట్రయల్ ఉన్నది ఆంటీ. మాట్లాడిన.”

ఆవిడ ఫైలు తెరవలేదు. దాన్ని పక్కన పెట్టారు.

“నాకు బోటొద్దమ్మా,” అన్నారు.

ఏడుపొచ్చింది. నా మీద నాకే కోపమొచ్చింది. ఆవిడకి మిగిలిన కొద్ది రోజుల్లో రెండు వారాలు నేను ఫోన్లకి తగలేశాను. ఆ మర్నాటి నుంచి రోజూ డ్యూటీ దిగి నేరుగా వాళ్ళింటికే వెళ్ళాను. ఓపికున్న రోజున వెర్రిబీ సౌత్ బీచికి, ఆవిడ ఎప్పుడూ కూర్చునే బెంచీ దగ్గరికే తీసుకెళ్ళాను. ఓపిక లేని రోజున పక్కన కూర్చుని, విన్న కబుర్లే మళ్ళీ విన్నాను.

తొమ్మిదో రోజున మామిడికాయ అడిగారు. సన్నగా తరిగి, నిమ్మరసం పిండి, ఉప్పు లేకుండానే ఇచ్చాను. ఒక ముక్క కొరికి ఆగారు.

“ఉప్పు వెయ్యవే. ఇంకా బీపీకి భయపడాలా?”

వేశాను. ఆవిడ కళ్ళు మూసుకుని ఆ ఒక్క ముక్కనే నములుతూ ఉండిపోయారు. నాలుగు రోజుల తర్వాత పోయారు.

ఇప్పుడు నా వార్డులో చేసేదేమీ మిగలని గదులుంటాయి. నిన్న వెళ్ళిన గదికే ఇవాళా ఖాళీ చేతులతో వెళ్తాను. ఆ మనిషి టీలో చక్కెర ఎంతో నాకు తెలిసి ఉంటుంది. మొన్నొక పెద్దాయన, “మళ్ళీ ఎందుకొచ్చావు?” అని అడిగాడు. ఊరికే అని చెప్పి కుర్చీ లాక్కున్నాను.