స్టీలు గ్లాసులో దవడ పళ్లు

మా అమ్మాయి బీడీఎస్ మొదటి ఏడాది. సెలవులకి దమ్మపేట వచ్చింది. సాయంత్రం టీకని వంటగట్టు మీద గ్లాసు తీస్తే, బ్లీచింగ్ నీళ్లలో నాలుగు దవడ పళ్లు! ఒకదాని వేరుకి ఇంకా చిగురు ముక్క అంటుకుని ఉంది.

“ఛీ! ఏందే ఇది?”

“పీకిన పళ్లమ్మా. డాక్టర్‌నడిగి తెచ్చుకున్న. మూడు వేర్లుంటే పైదవడది, రెండుంటే కిందిది. పరీక్షల గివే అడుగుతరు.”

“నా గ్లాసే దొరికిందా?”

“ఏమైతదమ్మా? నిన్న నానబెట్టిన గ్లాసు గూడ కడిగి స్టాండ్ల పెట్టిన గదా!”

ఏ గ్లాసో దానికీ గుర్తు లేదు. అన్నీ ఒకేలా ఉన్నాయి. మధ్యాహ్నం వాటిలోనే ఒకదాంట్లో మా ఆడబిడ్డకి మజ్జిగ ఇచ్చాను. బాగుందని రెండోసారి పోయించుకుని మరీ తాగింది.

ఆమె ఫేస్‌బుక్‌లో లేదు కాబట్టి అడుగుతున్నాను: మీరైతే చెప్తారా?