స్వామిదాసు గారి రేకు జెర్రి

చిన్న మంగళారంలో స్వామిదాసు అంటే తెల్లచొక్కా, చంకలో గొడుగు, నోటి నిండా గొప్పలు. నాయన ఊరూరా తిరిగి ప్రార్థనలు చెప్పిన ఉపదేశి కాబట్టి మట్టి ముట్టడం తమ వంశంలోనే లేదనేవాడు. ఆ వంశానికి తిండి పెట్టింది మాత్రం భార్య ప్రేమమ్మ, అరెకరంలో వంకాయ, టమాట పండించి. చేవెళ్ల అంగడికి తట్ట ఆమె మోసేది, గొడుగు ఆయన మోసేవాడు.

అరవైతొమ్మిదిలో తెలంగాణ గొడవ లేచింది. బడులు మూతపడ్డాయి. చదువుకునే పిల్లలంతా రోడ్ల మీదే. వాళ్లను చూసి ఈయనకు అంగట్లో పైసలకు గురి కొట్టే ఆట పెడదామని ఆలోచన పుట్టింది. పట్నం పోయి, పాతసామాన్లమ్మే జుమ్మేరాత్ బజారులో మడమ పగిలిన గాలి తుపాకీ ఒకటి, దానిలో వేసే సీసపు ఛర్రాలు పట్టుకొచ్చాడు.

"గాలిబుగ్గలు పేల్చుడు అందరు పెడతరు. మనం పురుగులను పెడదాం" అన్నాడు.

మనం అంటే ప్రేమమ్మ. ఆమె గ్యాసునూనె డబ్బాలు కత్తిరించి పన్నెండు ముక్కల జెర్రిని చేసింది. పిడి తిప్పితే అది తీగ మీద పాకేది. నడిమి ముక్కకు దెబ్బ తగిలితే ఆ ముక్క రాలిపోయి, మిగిలింది రెండు జెర్రులై పాకేది. పైన దారానికి సాలెపురుగు, కింద తోక లేపిన తేలు. అంగడంతా ముక్కున వేలేసుకుంటే, "తలకాయ ఉండాలె" అని స్వామిదాసు తన తలనే తట్టుకున్నాడు.

ఒక పొద్దు పొయ్యి పక్కన రాగి బిందె కనపడలేదు.

"నా బిందేదయ్యా?"

"బహుమానం పెట్టిన. ఐదు ఛర్రాలల్ల జెర్రి తలకాయ కొట్టినోనికి."

"అది మా అవ్వ సచ్చిపోంగ నా చేతుల పెట్టిన బిందె!"

"ఫికర్ చెయ్యకే. గొట్టం కొసకున్న గురి నీ పట్కారతోనే వంచిన. దేవుడొచ్చి కొట్టినా తగలది."

"ఉపదేశి కొడుకువు, ఆ మాట ఎట్లొచ్చె నీ నోట్ల?"

మూడు నెలలు తల ఎవరికీ తగల్లేదు. పిల్లలు వస్తే, "గిది మన నౌకరీలు మింగే పురుగు తమ్మీ, కొట్టుండ్రి, జై తెలంగాణ!" అని అరిచేవాడు. అట్లా అరుస్తుండగానే ఒక అంగడి రోజు పోలీసు జీపు ఆగింది.

"ఏందిరా ఈ తుపాకీ?"

స్వామిదాసు గొడుగు మూసి, నడుం వంచాడు. "మలేరియా సార్! పురుగులను సంపుడు జనానికి నేర్పుతున్న."

"జెర్రి కుడితే మలేరియా వస్తదారా?" అని జవాను నవ్వాడు. జీపు కదిలింది. పిల్లలు కదల్లేదు.

వాళ్లలో పెద్దవాడు మల్లేశ్ ముందుకొచ్చాడు. "గిప్పటిదాంక జై తెలంగాణ, ఇప్పుడు మలేరియానా పెద్దమనిషీ? నవాబుల షికారుకు పోయినోన్నంటవు గద, నువ్వే కొట్టు. ఐదు ఛర్రాలు. తప్పినవంటే బిందె మాది. రేపటి ఊరేగింపుల డప్పు లెక్క కొడతం."

టమాటల తట్ట ముందు కూర్చున్న ప్రేమమ్మ తూకం ఆపి తలెత్తింది. వద్దనమని కళ్లతోనే చెప్పింది. నవాబుల మాట చెవిన పడ్డాక ఆయనకు పెళ్లాం కళ్లు కనపడతాయా? తుపాకీ ఎత్తాడు. గురి వంచిన సంగతి వంచినవాడే మరిచాడు. మల్లేశ్ పిడి తిప్పుతుంటే ఒకటి, రెండు, మూడు, నాలుగు. జెర్రి తాపీగా పాకుతూనే ఉంది.

"పట్టుండ్రిరా బిందె" అన్నాడు మల్లేశ్.

ప్రేమమ్మ లేచి కొంగు నడుముకు చెక్కుకుంది. "జర ఆగు బిడ్డా. ఇంకొకటున్నది గద."

భర్త చేతిలోంచి తుపాకీ లాక్కుంది. పురుగుల వెనక కట్టిన రేకు నిండా మూడు నెలల సొట్టలు, అన్నీ తేలుకు, సాలెపురుగుకు నాలుగు వేళ్లు ఎడమకే. వందమంది మగవాళ్లు కొట్టారు, ఒక్కడైనా ఆ రేకు వంక చూశాడా? తేలు తోక దగ్గర తీగకు ముడి ఉంది. జెర్రి తల అక్కడ ఒక్క క్షణం తట్టుకుని ఆగుతుంది. ఆ ముడి వేసింది తనే. తోకకు నాలుగు వేళ్లు కుడికి గురిపెట్టి కాచుకుంది. మల్లేశ్ పిడి తిప్పాడు, తల వచ్చి ఆగింది.

టంగుమని రాలింది.

అంగడి ఒక్కసారి హోరెత్తింది. మల్లేశే బిందె ఎత్తి ఆమె తలమీద పెట్టాడు. "నువ్వు కొట్టినవవ్వా, నీదే."

"బిందెనే గాదు, రేకు జెర్రి గూడ నాదే" అని ఆమె జెర్రిని తీగ నుంచి ఊడదీసి తట్టలో వేసుకుంది. ఆమె కింద పెట్టిన ఉత్త తుపాకీ పట్టుకుని ఆయన మిగిలాడు.

ఆ జెర్రిని టమాట చేనులో కట్టింది. గాలికి గలగలమని పిట్టలను తోలేది. ఆ ఇంట్లో మగవాళ్లు చేయవలసిన పని ఆ రేకు జెర్రి ఒక్కటే చేసింది. స్వామిదాసు ఇంకా ఇరవై ఏళ్లు బతికాడు. ఎవరొచ్చినా అరుగు మీద కూర్చోబెట్టి, "మా దానికి గురి నేర్పింది నేనే" అని చెప్పేవాడు. చెప్పి చెప్పి గొంతు ఎండితే లోపలికి కేకేసేవాడు. ప్రేమమ్మ ఆ రాగి బిందెలోంచే నీళ్లు ముంచి ఇచ్చేది.